రాగి ఆపిన వేట

అనగనగా ఒక అడవి. దాన్ని నడిమికి చీలుస్తూ ఒక వాగు పారేది. వాగుకు ఇవతల ఒక దుప్పుల మంద, అవతల ఇంకో దుప్పుల మంద మేసేవి.

ఇవతలి పొదల్లో రాగి అనే రేచుకుక్క తన గుంపుతో ఉండేది. రేచుకుక్కలంటే మన వీధికుక్కలు కావర్రా పిల్లలూ! ఎర్రగా ఉంటాయి, గుంపుగా వేటాడతాయి, ఈల వేసి పిలుచుకుంటాయి. రాగి ఒకలా ఈల వేస్తే గుంపంతా ఉరికేది. ఇంకోలా వేస్తే ఎక్కడిదక్కడ ఆగిపోయేది.

ఒక ఎండాకాలం ఇవతలి మందకు గాలికుంటు సోకింది. నోట్లో పుళ్ళు, గిట్టల మధ్య పుళ్ళు. పాపం, దుప్పులు మేయలేవు, నడవలేవు.

అడవిలో అందరికన్నా పెద్దదైన ఏనుగు అవ్వ వేటాడే జంతువులన్నిటినీ పిలిచింది.

"ఇది అంటుజబ్బు. నా చిన్నప్పుడు వేటాడేవాళ్ళు తరిమి తరిమి దీన్ని అడవంతా పాకించారు. ఈసారి అలా కాకూడదు. వానలు పడి పుళ్ళు మానేదాకా మూడు కట్టుబాట్లు. జబ్బు మందను తరమకూడదు. వాగు దగ్గర వేటాడకూడదు. మాంసాన్ని వాగు దాటించకూడదు."

"జబ్బుపడినవి సులువుగా దొరుకుతాయి కదవ్వా?" అంది రాగి.

"వదిలేస్తే ఒకచోటే పడి ఉంటాయమ్మా. భయపెడితే వాగు దాటతాయి. వాటితో జబ్బూ దాటుతుంది. రెండు మందలూ పోతే రేపు నీ కూనలేం తింటాయి?"

రాగి సరేనని తల ఊపింది.

అప్పటినుంచి గుంపు దూరంగా గుట్టల్లోకి వెళ్ళి కుందేళ్ళను పట్టేది. అవి ఏ మూలకు? "అమ్మా, ఆకలి" అని కూనలు ఏడ్చేవి.

ఒక మధ్యాహ్నం గుంపు గుట్టల నుంచి ఉత్త నోళ్ళతో తిరిగొస్తోంది. వాగు ఒడ్డున ఒంటరిగా ఒక దుప్పి కనిపించింది. కుంటుతోంది. నోటివెంట చొంగ కారుతోంది.

"అక్కా, ఒక్క ఈల వెయ్యి! ఇట్టే పట్టేస్తాం" అంది చెల్లెలు గోరింట.

"వద్దే. అవ్వకు మాటిచ్చాం."

"మాట కడుపు నింపుతుందా? పొద్దున చిన్నకూన లేచి నిలబడలేకపోయింది. చూశావుగా!"

అది నిజమే మరి. ఇంతలో గోరింట ఆగలేక ముందుకు దూకింది. దాని వెనకే గుంపు కదిలింది. దుప్పి అదిరిపడి వాగులో కాలు పెట్టింది. అవతలి గట్టున దుప్పి పిల్లలు తల్లుల పక్కన నీళ్ళు తాగుతున్నాయి.

రాగి గట్టిగా ఈల వేసింది. ఆగమన్న ఈల!

గోరింట గోళ్ళు నేలలో గుచ్చి ఆగింది. గుంపంతా ఆగింది. రాగి నేలమీద పడుకుని దుప్పితో అంది. "భయపడకు. మేం కదలం. నీ పొదలోకి వెళ్ళిపో."

"నన్నెందుకు వదిలేస్తున్నావు?" అంది దుప్పి వణుకుతూ.

"నువ్వు వాగు దాటితే ఆ పిల్లలకూ ఇదే బాధ."

దుప్పి కుంటుకుంటూ వెనక్కి వెళ్ళిపోయింది. గుంపు ఇంటిదారి పట్టింది.

తమ పొద దగ్గర చిరుతపులి నిలబడి ఉంది. దాని ముందు సగం తిన్న అడవిపంది.

"చెట్టుమీద నుంచి అంతా చూశాను చెల్లీ. నేను పొంచి పట్టేవాణ్ణి, గుట్టల్లో నాకు బాగానే జరుగుతోంది. ఇది నీ కూనలకు పెట్టు. వానలు పడేదాకా నా వేటలో మీకూ భాగం ఉంటుంది."

"నీ మేలు మరిచిపోను అన్నా" అంది రాగి. ఆ రోజు చిన్నకూన కడుపునిండా తిని నిద్రపోయింది.

వానలు పడ్డాయి. ఇవతలి మందలో కొన్ని పోయాయి కానీ, చాలావాటికి పుళ్ళు మానాయి. అవతలి మందలో ఒక్కదానికీ జబ్బు సోకలేదు.

ఒక ఉదయం రెండు మందలూ దూరాన నిలబడి రాగిని పిలిచాయి.

"రేపటినుంచి నువ్వు తరుముతావు, మేం పరిగెడతాం. అది మన బతుకు. ఈ రోజు మాత్రం నీకు దండం పెట్టుకుందామని వచ్చాం" అంది ఆనాటి దుప్పి.

"దండం నాకు కాదు. దారి చెప్పిన అవ్వకు పెట్టండి, ఆకలి తీర్చిన చిరుతన్నకు పెట్టండి. మీరు మిగిలారు, నా పిల్లలకు అంతకన్నా ఏం కావాలి?" అంది రాగి. దాని కళ్ళు చెమర్చాయి.

ఆ రోజు ఆ అడవిలో ఎవరూ ఎవరినీ తరమలేదు.

నీతి: జబ్బు పాకే కాలంలో వేటకు హద్దు పెట్టుకుని, ఆకలిలోనూ ఆ హద్దు దాటనివాళ్ళే అడవినీ తమ బిడ్డలనూ కాపాడుకుంటారు.