ఎండలో పెట్టిన లెన్సు

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. దీన్ని చెప్పుకునేవాళ్ళంతా విశాఖపట్నంలో ఉన్నారు, మీరు పెరిగింది వేరే చోట. అందుకే మీదాకా రాలేదు. నాకు చెప్పినవాళ్ళు ఎలా చెప్పారో అలాగే రాస్తున్నాను. నాకు తెలియనిచోట కల్పించి పూడ్చలేదు.

కూర్మారావు మాస్టారు చాలా ఏళ్ళు సినిమాలకి కెమెరా పట్టి, పెద్దవయసులో మహారాణిపేటలో ఒక మేడమీద గది తీసుకుని కుర్రవాళ్ళకి ఆ పని నేర్పేవారు. ఆయనకో అలవాటు ఉండేది. శిష్యుడు ఏదైనా అడిగితే వెంటనే బదులు చెప్పేవారు కాదు. దేన్ని గురించి అడిగాడో ఆ వస్తువుని చూపించి, "ఇక్కడ పెట్టి వెళ్ళు" అనేవారు. బదులు ఎప్పుడొస్తుందో, ఏ రూపంలో వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. శిష్యులు ఆయన వెనకాల నవ్వుకునేవారు. "మాస్టార్ని పెళ్ళి గురించి మాత్రం అడక్కురోయ్, పిల్లని ఇక్కడ పెట్టి వెళ్ళమంటారు" అనేవారు.

ఆ శిష్యుల్లో త్రినాథ్ ఒకడు. అతని తండ్రి ఓడరేవులో ఉద్యోగం చేస్తూ సెలవురోజుల్లో ఫొటోలు తీసేవాడట. త్రినాథ్ చిన్నతనంలోనే ఆయన పోయారు. ఆయన కెమెరా ఏమైందో ఎవరికీ తెలియదు కానీ, లెన్సు మాత్రం ఒక ఉన్ని మఫ్లరులో చుట్టి ట్రంకుపెట్టె అడుగున ఉండిపోయింది. పెద్దవాడై సొంతంగా ఒక మిర్రర్‌లెస్ అనే కొత్తరకం కెమెరా కొనుక్కున్నాక త్రినాథ్ ఆ లెన్సు బయటికి తీశాడు. పాత లెన్సు కొత్త కెమెరాకి నేరుగా కూర్చోదు. మధ్యలో అడాప్టర్ అనే లోహపు వలయం బిగించాలి. బిగించాక కూడా కెమెరా ఒప్పుకోదు. ఆ లెన్సులో కెమెరాతో మాట్లాడే తీగలేవీ ఉండవు కాబట్టి, ఎదురుగా బొమ్మ కనిపిస్తున్నా "లెన్సు లేదు" అని మొరాయిస్తుంది. లేకపోయినా సరే తియ్యమని మనం దానికి చెప్పాలి. త్రినాథ్ అలా చెప్పి తెరలోకి చూశాడు. చూసి అలాగే నిలబడిపోయాడు. వాళ్ళ అద్దె ఇల్లు, కిటికీ, గోడమీది క్యాలెండరు, అన్నీ తేనెలో ముంచి తీసినట్టున్నాయి. నాన్న తీసిన ఫొటోలు ఇంట్లో ఏ రంగులో మిగిలాయో అదే రంగు.

నాన్న లోకాన్ని ఇలా చూశాడన్నమాట అనుకున్నాడు. ఆ రోజే నిశ్చయించుకున్నాడు: నాన్న మీద ఒక సినిమా తీస్తాను, ఆ కథ అమ్మ చెబుతుంది, నాన్న చూపుతో అమ్మని చూస్తాను. కెమెరా తనంతట తాను ఆ పసుపుని సరిచేసి తెలుపు చేయబోతే, ఆ ఏర్పాటుని కట్టేశాడు. ఆ రంగు చెదరకూడదు.

అతని తల్లి పేరు మాణిక్యం. కొడుకుతోనే ఉండేది. అతను పొద్దున్నే షూటింగులకి వెళ్ళి ఎప్పుడో వచ్చేవాడు. వచ్చి తిన్న పళ్ళెం పక్కన పెట్టి కంప్యూటరు ముందు కూర్చునేవాడు. వీలు దొరికినరోజు మాత్రం ఆవిడని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఎదురుగా కెమెరా పెట్టుకుని, లెన్సు వలయాన్ని చేత్తో తిప్పుతూ ఆవిడ కంటి మీదికి ఫోకస్ తెచ్చుకునేవాడు. పాత లెన్సుకి అన్నీ చేత్తోనే చేసుకోవాలి. ఆవిడ వేలెడు ముందుకి వంగినా బొమ్మ అలుక్కుపోతుంది.

"ఏటిరా నానా, నా మొహం కన్నా ఆ గొట్టాన్నే ఎక్కువ చూస్తన్నావు" అనేది ఆవిడ.

"గొట్టంలోంచి చూసేది నీ మొహమే కదమ్మా. కదలకు."

"కదలకుండా ఉంటే చెమటకాయలు ఊరుకోవురా. ఒళ్ళంతా ఒకటే దురద" అంటూ మోచేతులు గోక్కునేది. భర్త గురించి చెబుతూ చెబుతూ అలా చేతులు రాసుకోవడం త్రినాథ్‌కి ఎంతో నచ్చింది. జ్ఞాపకం తడిమినట్టుందని ఆ ముక్కలన్నీ ఏరి పెట్టుకున్నాడు. నూనె వాసన పడటం లేదని ఆవిడ ఈమధ్య కూరలు మానేసి మజ్జిగతో సరిపెట్టుకుంటోంది. ఆ మాట కూడా రికార్డు అయింది. శబ్దం బాగా వచ్చిందో లేదో చూసుకున్నాడు.

కొన్ని నెలలు గడిచాక అతనికి ఒక భయం పట్టుకుంది. లెన్సుని ఆరుబయట వాడినకొద్దీ ఆ తేనెరంగు పలచబడుతున్నట్టు అనిపించింది. సినిమా సగమైంది. మిగిలిన సగం అదే రంగులో రాకపోతే చేసినదంతా వృథా. పరుగున మాస్టారి దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఇది మా నాన్న చూపు. ఇది పోకుండా కాపాడుకోవడం ఎలాగో చెప్పండి" అని అడిగాడు.

మాస్టారు లెన్సుని వెలుతురుకెత్తి చూశారు. "ఇక్కడ పెట్టి వెళ్ళు" అన్నారు.

అవి ఎండలు ముదిరిన రోజులు. మాస్టారు ఆ లెన్సుని డాబామీద వెండికాగితం పరిచి, దానిమీద ఆకాశంకేసి నోరు తెరుచుకున్నట్టు నిలబెట్టారు. రోజూ పొద్దున పెట్టడం, పొద్దుగూకేముందు తీయడం. త్రినాథ్‌కి కబురు పంపేసరికి కాకరకాయలు ఒరుగులయ్యేంత కాలం పట్టింది. అతను వచ్చి లెన్సుని తెల్లకాగితం మీద పెట్టి చూశాడు. కాగితం తెల్లగా ఉంది. తిప్పి చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. తెల్లగానే ఉంది. గచ్చుమీదే కూర్చున్నాడు.

"ఏం చేశారు మాస్టారూ? కాపాడమని ఇస్తే మా నాన్న కన్ను పొడిచేశారా?"

"మీ నాన్న కొన్నరోజున ఇది ఇలాగే ఉంది" అన్నారు మాస్టారు. "అప్పట్లో కొన్ని లెన్సుల గాజులో ఒక ఖనిజం కలిపేవారు. అది ఏళ్ళతరబడి చీకట్లో పడి ఉంటే గాజుకి పసుపెక్కుతుంది. ఎండ చూపిస్తే దిగుతుంది. ఆయన చూసిందేదో ఇప్పుడు చూడు. నువ్వు ఇన్నాళ్ళూ చూసింది ట్రంకుపెట్టెని."

"మరి నాన్న తీసిన ఫొటోలకి ఆ రంగు ఎలా వచ్చింది?"

"కాగితం మాత్రం పాతబడదా?"

త్రినాథ్ లెన్సు తీసుకుని మెట్లు దిగిపోయాడు. మళ్ళీ ఆ మేడ ఎక్కననే అనుకున్నాడట.

కానీ సినిమా ఆగకూడదు. కోపం కాస్త చల్లారాక, ఈ తేట లెన్సుతో తీసి తర్వాత కంప్యూటరులో పసుపు కలుపుకుందామని తల్లిని మళ్ళీ కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. ఆవిడ ఆకాశనీలం చీర కట్టుకుని మల్లెలు మాల కడుతోంది. ఇంతకుముందు తీసిన దృశ్యాల్లోనూ అదే చీర. వాటిలో అది ఆకుపచ్చగా ఉండేది. ఆ పొద్దు తెరలో చీర నీలంగా వచ్చింది. గోడ తెల్లగా వచ్చింది. మల్లెలు మల్లెల్లాగే వచ్చాయి. ఒక్క తల్లి కళ్ళు మాత్రం పసుపుగా వచ్చాయి, మొహం కూడా కొంత.

త్రినాథ్ విసుక్కున్నాడు. గాజులో పసుపు ఇంకా ఒక మూల మిగిలిపోయిందనుకున్నాడు. లెన్సు తుడిచాడు. మరో కోణం నుంచి తీశాడు. కళ్ళు అలాగే వచ్చాయి. చివరికి కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కొక్క దృశ్యంలో తల్లి కనుగుడ్డు చుట్టూ గీత గీసి, లోపలి పసుపుని తీసేసి తెలుపు దిద్దడం మొదలుపెట్టాడు. ఓపికగా, చేయి వణకకుండా, తనకి వచ్చిన విద్యంతా పెట్టి దిద్దాడు. పక్కగదిలో ఆవిడ పడుకుని ఉంది. ఒంట్లో వేడిగా ఉంది, కాస్త మజ్జిగ ఇమ్మని పిలిచింది. "వస్తున్నా" అన్నాడు. కొన్ని కళ్ళు ఇంకా మిగిలి ఉన్నాయి.

 

మర్నాడు త్రినాథ్ మాస్టారి మేడ ఎక్కాడు. పోట్లాడటానికే ఎక్కాడు. "పోగొట్టడమన్నా పూర్తిగా పోగొట్టారా? చూడండి, సగం వదిలేశారు" అని ల్యాప్‌టాప్ తెరిచి, ముందు దిద్దని దృశ్యం, పక్కన దిద్దిన దృశ్యం పెట్టాడు.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. చూస్తూ చూస్తూ ఆయన మొహంలో రంగు పోయింది.

"గోడ ఏ రంగు?"

"తెలుపు."

"ఆ పూలు?"

"తెలుపే. అది కాదు మాస్టారూ..."

"గోడకి లేదు, పూలకి లేదు. ఆ గాజుకి మీ అమ్మ కళ్ళ మీద మాత్రమే పగేమిట్రా?"

 మాస్టారు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నారు. దొరికిన వాటిలో ఒకటి ఆయనది కాదు. అలాగే దిగారు.

ఇంటికి వెళ్ళేసరికి మాణిక్యం మంచం మీద ముడుచుకుని వణుకుతోంది. మాస్టారు ఆవిడ మొహాన్ని కిటికీకేసి తిప్పి, రెప్ప పైకెత్తారు. ఏ గాజూ అడ్డం లేకుండా త్రినాథ్ చాలాకాలం తర్వాత తల్లి కంట్లోకి చూశాడు. పసుపుకొమ్ము అరగదీసిన రంగు. ఆవిడ మాస్టారిని గుర్తుపట్టి, అంత జ్వరంలోనూ పైట సర్దుకుంటూ, "రండి బాబూ. వీడు మిమ్మల్ని కూడా సినిమాలో పెడతన్నాడా ఏటి?" అంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసింది. పైత్యరసం దిగే నాళంలో రాయి అడ్డుపడి, వెనకాల చీము పట్టింది. ఒంటి దురద, నూనె వాసన పడకపోవడం, అన్నీ దాని చలవే. డాక్టరమ్మ త్రినాథ్‌ని అడిగింది: "కళ్ళు పచ్చబడి ఎంతకాలమైంది?"

"తెలియదండీ."

"ఒకే ఇంట్లో ఉంటున్నారా?"

"ఉంటున్నాం."

"ఈమధ్య తీసిన ఫొటో ఏదైనా ఉందా? దాన్నిబట్టి చూద్దాం."

ఉన్నాయి. నెలల తరబడి తీసిన ఆవిడ మొహమే ఉంది, రెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపించేంత తేటగా. త్రినాథ్ అక్కడే బల్లమీద ల్యాప్‌టాప్ పెట్టి ఒక్కొక్కటీ తెరిచాడు. చలికాలంలో తీసినవి పసుపు. శివరాత్రి ముందువి పసుపు. ఉగాది తర్వాతవి పసుపు. గోడ పసుపు, పూలు పసుపు, అమ్మ పసుపు. ఎక్కడ మొదలైందో ఏ దృశ్యమూ చెప్పలేదు. కొత్తగా తీసిన వాటిలో చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. వాటిలో దాదాపు అన్నింటా కళ్ళు తెల్లగా ఉన్నాయి. అతనే దిద్దాడు. డాక్టరమ్మ ఆ తెల్లటి కళ్ళని చూసి, మంచం మీది మనిషిని చూసి, మళ్ళీ అతన్ని చూసింది. 

రాయి తీశారు. మాణిక్యం బతికింది. అయితే అది ఆవిడ గట్టితనమే తప్ప ఇంకెవరి గొప్పా కాదని డాక్టరమ్మ మొహమాటం లేకుండా అంది. సినిమా ఏమైందో నాకు తెలియదు. పూర్తి చేశాడని ఒకరూ, చేయలేదని ఒకరూ అన్నారు.

మాణిక్యం ఇంకా లోపల ఉండగానే, ఆసుపత్రి వరండాలో బల్లమీద మాస్టారి పక్కన కూర్చుని త్రినాథ్ అడిగాడట. "ఫోకస్ ఒక్కసారి కూడా తప్పలేదు మాస్టారూ. ఆవిడ కంటిమీదే పెట్టాను. ప్రాణం పెట్టి చూశాను. ఎలా కనపడలేదు?"

మాస్టారు ఈసారి దేన్నీ పెట్టి వెళ్ళమనలేదు. ఇలా అన్నారు:

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మనవాళ్ళు ఎప్పుడో చెప్పిపెట్టారు. లోకమంతా పచ్చగా చూసేవాడికి పక్కనున్న పచ్చకామెర్లు కనిపించవన్న రెండో సగం ఎందుకో చెప్పకుండా వదిలేశారు."

పిల్లలూ, ఇది మీ దగ్గరే ఆగిపోనివ్వకండి. మీ తర్వాతవాళ్ళకి చెప్పండి. తెలుగులో మాటలు అందకపోతే మీకు అందిన భాషలోనే చెప్పండి. ఎవరి తప్పునీ తగ్గించకుండా, పెంచకుండా చెప్పండి.