సుంకులవ్వ నాడి

ఓబులేసు చేసిన లేహ్యం పనిచేస్తోంది. పేటంతా అదే మాట అంటోంది. ఒక్క సుంకులవ్వ దగ్గర మాత్రం పనిచేయడం లేదు. మనవాడికి కంటి మీద కునుకు లేకుండా చేస్తున్నది ఆ ఒక్కటే.

ఈ ఓబులేసు హకీం దస్తగిరి సాహెబ్ శిష్యుడు. తుంగభద్ర ఒడ్డున చిన్న పేట, పేట చివర సాహెబ్ దవాఖానా, దాని వెనక పొడుగాటి వసారా. ముసలితనం తెచ్చిపెట్టిన రోగాలతో వచ్చినవాళ్ళంతా ఆ వసారాలో ఉండేవారు. కీళ్ళు పట్టేసినవాళ్ళు, చేతులు వణికేవాళ్ళు, చూపు మందగించినవాళ్ళు. అందరికీ సాహెబ్ దగ్గర తైలమో చూర్ణమో ఏదో ఒకటి ఉండేది. మతిమరుపు వచ్చినవాళ్ళకు మాత్రం ఆయన మందిచ్చేవాడు కాదు. పక్కన కూర్చుని మాట్లాడేవాడు, అంతే.

అది ఓబులేసుకు మింగుడు పడలేదు. ఇంత పెద్ద హకీం ఈ ఒక్క రోగం దగ్గర చేతులు ముడుచుకుని కూర్చుంటాడేమిటని లోపల్లోపల గొణుక్కునేవాడు. పైకి అనే ధైర్యం ఎక్కడిది! కుర్రతనం కదా, గురువు వదిలేసిన రోగాన్ని తాను పట్టుకోవాలని ఉబలాటం. వస కొమ్ము, సరస్వతి ఆకు, బాదం, తేనె కలిపి, నానా తంటాలు పడి ఒక లేహ్యం తయారుచేశాడు. ఉన్నమాట చెప్పాలి, తెలివైనవాడే.

ఆ చలికాలం పక్క సంస్థానంలో ఎవరో పెద్దాయనకు జబ్బు చేస్తే, బండి పంపించి సాహెబ్‌ను పిలిపించుకున్నారు. పోతూ పోతూ ఆయన దవాఖానా శిష్యుడికి అప్పగించాడు.

"ఎండలు ముదిరేసరికి వస్తా. ముసలోళ్ళు జాగ్రత్త, బిడ్డా" అన్నాడు.

హకీములంతా ఏటా ఒకచోట కలిసే మజ్లిస్ కూడా ఎండాకాలంలోనే. కొత్త మందు ఏదైనా అక్కడ పెట్టి, పెద్దలచేత ఔననిపించుకుంటేనే దానికి విలువ. సాహెబ్ తిరిగొచ్చేలోగా లేహ్యాన్ని రుజువు చేసి, ఆయన చేతుల మీదుగానే మజ్లిస్‌కు పంపించాలని ఓబులేసు పట్టుదల పట్టాడు.

రుజువుకు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పొద్దున్నే లేహ్యం తినిపించి, ఒక్కొక్కరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగేవాడు. ఇది ఏ నెల? రాత్రి ఏం తిన్నావు? నీ వాళ్ళు ఎక్కడున్నారు? తప్పు చెబితే సరైన జవాబు తనే చెప్పేవాడు. బావి దాకా వెళ్ళి మొహం కడుక్కుని రమ్మని పంపి, రాగానే మళ్ళీ అదే ప్రశ్న వేసేవాడు. చెప్పిన మాట ఆ కాసేపైనా నిలిచిందా లేదా అన్నదే పరీక్ష.

మొదట్లో నోరెళ్ళబెట్టినవాళ్ళు రానురానూ కొంచెం కొంచెం పట్టుకోసాగారు. ఖాసింబీ అనే ముసలామె అయితే ఒకరోజు కోడలి పేరు, కోడలి చెల్లెలి పేరు, ఇంట్లో మేక పేరు కూడా గడగడా చెప్పేసి, "ఇంకేమన్నా ఉంటే అడుగు రా" అని ఎదురు దబాయించింది. ఆ రోజు ఓబులేసు కాళ్ళు నేల మీద నిలవలేదు.

మిగిలింది సుంకులవ్వ. ఆమెకు ఒక్కడే కొడుకు, లింగప్ప. చాలా ఏళ్ళ క్రితం ఏరు దాటుతుంటే, ఎక్కిన తోలు పుట్టి తిరగబడి నదిలో పోయాడు. ఆ సంగతి ఆమె మర్చిపోయింది. పొద్దు వాలేసరికి తన జొన్నరొట్టెలో సగం తుంచి కొడుక్కని పక్కన పెట్టేది. సాహెబ్ ఉన్నన్నాళ్ళూ ఆయన ఆ పక్కనే కూర్చుని, "లింగప్పకు ఏ కారమంటే ఇష్టం అక్కా?" అని అడిగేవాడు. ఆమె గంటసేపు చెప్పేది. అది వింటే ఓబులేసుకు ఒళ్ళు మండేది. వైద్యుడై ఉండి అబద్ధానికి వంత పాడతాడా!

అందుకని ఆమెకు ఆ ప్రశ్నే ఎంచుకున్నాడు. కొడుకు చావు కంటే పెద్ద సంగతి తల్లికి ఇంకేముంటుంది? అది కూడా మనసులో నిలవలేదంటే మందు పనిచేయనట్టే కదా. వాడి లెక్క వాడికి బాగానే ఉంది. అదే వచ్చిన చిక్కు.

"అవ్వా, నీ కొడుకు లింగప్ప యాడున్నాడు?"

"యేటికి పోయినాడు నాయనా. పొద్దు మునిగేలోపల వస్తాడు."

"కాదవ్వా. పుట్టి తిరగబడింది. లింగప్ప నీళ్ళల్లో పోయినాడు. చానా ఏండ్లయింది."

ముసలామె అతని నోటివంకే చూసింది.

"నా లింగప్పనా?"

"అవునవ్వా."

"నేనుంటినా ఆడ? వాని మొగం చూస్తినా నేను?"

"చూసినావు. కడసారి నీళ్ళు పోసింది గూడా నువ్వే."

"అయ్యో, ఇన్ని దినాలు నాకు ఎవరూ చెప్పకపోతిరే!" అని గుండెలు బాదుకుంది సుంకులవ్వ. వసారాలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పుకున్నారు. ఓబులేసు ఆమె భుజం పట్టుకుని లేపి, "పోయి మొహం కడుక్కుని రా అవ్వా" అన్నాడు. ఏడుస్తూనే వెళ్ళింది. వచ్చింది. మొహమంతా తడి.

"ఇప్పుడు చెప్పు. లింగప్ప యాడున్నాడు?"

"యేటికి పోయినాడు నాయనా."

ఓబులేసు ఉస్సురన్నాడు. ఆమె కోసం కాదు, లేహ్యం కోసం. మర్నాడు పొద్దున మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు, అదే ఏడుపు. ఆ పైరోజూ అంతే.

పాపం, రాయేమీ కాదు వాడు. మొదట్లో ఆమె ఏడుపు చూడలేక వాడూ తల తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఒక సమాధానం దొరికింది. ఎలాగూ మర్చిపోతుంది కదా! రొట్టెలు కాల్చే వేళకు చూస్తే ఏడ్చిన ఆనవాలు కూడా ఉండదు. గుర్తులేని బాధ ఏం బాధ? ఆ మాట దొరికాక వాడికి ప్రాణం హాయిగా ఉంది. రోగుల మతిమరుపును పరీక్షించేవాడికి తప్ప ఇంకెవరికీ తట్టని మాట అది.

ఎండలు ముదిరాక సాహెబ్ తిరిగొచ్చాడు. కాళ్ళు కడుక్కుని నేరుగా వసారాలోకి నడిచాడు. ఖాసింబీ ఆయన్ని పేరు పెట్టి పలకరించి, బండి ఎద్దుల రంగు కూడా చెప్పింది. సాహెబ్ నవ్వాడు. ఓబులేసు ఛాతీ పొంగింది.

చివరి మంచం మీద సుంకులవ్వ గోడకేసి తిరిగి కూర్చుని ఉంది. ముట్టని గంజి పక్కనే చల్లారిపోయింది. చెంపలు లోపలికి పోయాయి.

"ఏమక్కా, ఏమైంది?"

"ఏం లేదు సాయిబన్నా. ఊరికే ఏడుపొస్తాంది. ఎందుకో తెల్దు."

సాహెబ్ కాసేపు ఆమె పక్కన కూర్చుని ఇవతలికి వచ్చాడు. ఓబులేసు ఆగలేకపోయాడు. లేహ్యం సంగతి, పద్ధతి సంగతి, ఎవరెవరు ఎంత తేరుకున్నారన్న సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"ఈ అవ్వ ఒక్కదానికే పట్టలేదు సాహెబ్. ఈ మధ్య తిండి కూడా మానేసింది. ముసలితనం నీరసం అనుకుంటా. మోతాదు పెంచి చూద్దామా? మజ్లిస్‌కు ఇంకా గడువుంది."

"ఆమెను ఏం అడుగుతున్నావు?"

ఓబులేసు చెప్పాడు.

"తెలిసినప్పుడల్లా ఏడుస్తుందా?"

"ఏడుస్తుంది సాహెబ్. కాసేపే. మళ్ళీ మర్చిపోతుంది. లోపల ఏమీ మిగలదు."

"ఏమీ మిగలదా?"

"ఏమీ మిగలదు. రోజూ చూస్తున్నా కదా."

సాహెబ్ లోపలి గదిలోకి వెళ్ళి, మడత పెట్టిన పాత తెర ఒకటి తెచ్చాడు. ఘోషా పాటించే ఇళ్ళల్లో ఆడవాళ్ళకు వైద్యం చేయాల్సి వస్తే ఆ తెర కట్టేవారు. మధ్యలో చిన్న చీలిక ఉంటుంది. రోగి అందులోంచి చెయ్యి బయటికి పెడితే, హకీం మొహం చూడకుండానే నాడి పట్టుకుని రోగం చెబుతాడు. ఓబులేసుకు ఆ విద్యలో మంచి చెయ్యి ఉంది. నాడి చూసి, మనిషి ఆకలి మీద ఉన్నాడో కోపం మీద ఉన్నాడో చెప్పేసేవాడు.

సాహెబ్ గది మధ్యలో తెర కట్టాడు. ఓబులేసును అవతలి పక్క కూర్చోబెట్టి, "మాట్లాడొద్దు. నాడి చూడు" అన్నాడు. తర్వాత వెళ్ళి సుంకులవ్వను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"ఇదేంది సాయిబన్నా, నాకు తెర కట్టినావు?"

"ఈ రోజు నువ్వు బేగం సాహిబావు అక్కా. చెయ్యి అందులో పెట్టు."

ముసలామె చాలా రోజుల తర్వాత నవ్వింది. ఎండిపోయిన చెయ్యి చీలికలోంచి ఇవతలికి వచ్చింది. ఓబులేసు మణికట్టు మీద వేళ్ళు ఆనించాడు. నాడి నీరసంగా ఉంది గానీ తీరుగానే ఉంది, అలవాటైన దారిన ముసలి ఎద్దు నడిచినట్టు. అవతల సాహెబ్ ఏవో కబుర్లు చెబుతున్నాడు. ఆమె రొట్టె సంగతి, నువ్వుల కారం సంగతి, చిన్నప్పుడు లింగప్ప చీమిడి ముక్కు సంగతి చెబుతోంది. వేళ్ళ కింద నాడి ఇంకా నెమ్మదించింది. ఇంత నెమ్మదైన నాడి ఈ వసారాలో ఎవరికీ లేదే అనుకున్నాడు ఓబులేసు.

అప్పుడు సాహెబ్ లేచి తెర పక్కకు లాగాడు.

సుంకులవ్వ ఎదుట ఓబులేసు మొహం ఉంది. అతను నోరు విప్పలేదు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అయినా వేళ్ళ కింద నాడి ఎగిరిపడింది. తప్పి తప్పి కొట్టుకుంది, పట్టుకోబోతే అందలేదు. ముసలామె చెయ్యి వెనక్కి గుంజుకోబోయింది.

"ఎవరీ అబ్బోడు సాయిబన్నా?"

"నా శిష్యుడు అక్కా."

"మంచోడేనా?"

"మంచోడే."

"ఏమో. వీణ్ణి చూస్తే నాకు ఎవరో పోయినట్టుంది" అంది సుంకులవ్వ. "ఎవరు పోయినారో గుర్తుకు రాలేదు."

సాహెబ్ తెర వదిలేశాడు. మళ్ళీ ఆమె పక్కన కూర్చుని, ఆగిపోయిన కబురు అందుకున్నాడు. ఓబులేసు మణికట్టు వదల్లేదు. వదలమని గురువు చెప్పలేదు. ఆ నాడి దారికి రావడానికి ఎంతసేపు పట్టిందో వాడి వేళ్ళకు తెలుసు. రోజూ ఇంతసేపూ, రొట్టెలు కాల్చే వేళ దాటాక కూడా, ఆమె లోపల ఇలాగే ఉండేదన్నమాట. తాను ఉస్సురనుకుంటూ ఇంకో రోగి దగ్గరకు లేచి వెళ్ళిపోయేవాడు. ఏడుపు వినబడకుండా పైపంచె నోట్లో కుక్కుకున్నాడు.

సుంకులవ్వను మంచం మీద పడుకోబెట్టి సాహెబ్ తిరిగొచ్చాడు. తెర విప్పుతున్నాడు. ఓబులేసు ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"సాహెబ్, ఆమె కాళ్ళ మీద పడతాను. తప్పైపోయిందని చెప్పుకుంటాను."

"ఏం చేశానని చెప్తావు?"

ఓబులేసు నోరు తెరిచాడు. ఏం చేశాడో చెప్పాలంటే లింగప్ప పోయాడని మళ్ళీ చెప్పాలి.

బయట ఖాసింబీ ఎవరినో కసురుతోంది, ఒక్క పేరూ తప్పకుండా. మజ్లిస్ సంగతి గురువూ ఎత్తలేదు, శిష్యుడూ ఎత్తలేదు.

ఓబులేసు తలెత్తాడు.

"సాహెబ్, ఆమె నన్ను మర్చిపోవడానికి ఏదన్నా మందుందా?"

సాహెబ్ తెర మడత పెట్టడం పూర్తిచేశాడు. ఆయన కళ్ళు కూడా ఎర్రబడి ఉన్నాయి.

"లేదు బిడ్డా" అన్నాడు. మడిచిన తెర తెచ్చి శిష్యుడి ఒళ్ళో పెట్టాడు.

"రేపట్నుంచి ఆమె నాడి నువ్వే చూడు."