భానోజీ ఇష్టాలు

భానోజీకి ఒక కష్టం వచ్చిపడింది. అతనికి ఇష్టమైన పాటలు ఎక్కువైపోయాయి. వినిపించుకునే మనుషులు తక్కువైపోయారు.

విశాఖపట్నం పాతవూళ్ళో, సముద్రానికి వీపు పెట్టుకుని ఉన్న ఒక పెంకుటింట్లో దైవాశీర్వాదం మాస్టారు ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు ఆయన కలకత్తా హోటళ్ళలోనూ, ఆ తర్వాత ప్రయాణికుల ఓడల మీదా శాక్సఫోన్ వాయించారు. ఊపిరి తగ్గాక వాయిద్యాన్ని పెట్టెలో పెట్టేసి, వినడం మొదలుపెట్టారు. ఆదివారం సాయంత్రాలు ఎవరైనా ఆ ఇంటికి వెళ్ళొచ్చు. తమకు నచ్చిన పాట ఒకటి పట్టుకెళ్ళొచ్చు. అందరూ కూర్చుని వినడం, మాస్టారి భార్య సువార్తమ్మగారు పెట్టింది తినడం, ఇళ్ళకు పోవడం. అంతకు మించి అక్కడ చదువేమీ లేదు. అయినా వెళ్ళినవాళ్ళంతా తాము మాస్టారి శిష్యులమనే చెప్పుకునేవారు.

అందరికన్నా గట్టిగా చెప్పుకున్నది భానోజీ.

అతను కారు ఇన్సూరెన్సు సర్వేయరు. వారమంతా గుద్దుకున్న కార్ల చుట్టూ తిరిగి, ఏ కారుకు ఎంత నష్టమో తేల్చి చెప్పడం ఉద్యోగం. ఆదివారం వచ్చేసరికి పాటల చుట్టూ తిరిగేవాడు. అమెరికా నల్లవాళ్ళ చర్చిపాటల్లోంచి పుట్టిన సోల్ పాట పెడితే, ఆ గాయకుడు నిజంగా ఏడుస్తున్నాడా, ఏడుపు నటిస్తున్నాడా తేల్చేవాడు. జాజ్ పెడితే, ట్రంపెట్ ఎక్కడ ఆగివుండాల్సిందో చెప్పేవాడు. చికాగోలో పుట్టిన యంత్రపు దరువుల డాన్సు సంగీతం హౌస్, దాని సంగతి ఎత్తితే ఇక అంతే. చికాగో నుంచి బయల్దేరి ఊరూరా ఆగుతూ, బజ్జీలు చల్లారిపోయేదాకా తిరిగొచ్చేవాడు కాదు.

ఇష్టం లేక కాదు. అతని ఇష్టం నిఖార్సయినదే. సోల్‌లో ఒక ఆవిడ ‘వెళ్ళకు’ అని బతిమాలుతూ, పాట చివరికొచ్చేసరికి ‘సరే, వెళ్ళు’ అన్నట్టు గొంతు దించేసే పాట ఒకటుంది. ఆ చోటు వచ్చిన ప్రతిసారీ అతను కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాడు. కానీ తుడుచుకుంటూ కూడా మాట్లాడేవాడు.

మాస్టారు మాత్రం ఏ పాట అయినా, అయ్యాక ఒకటే అనేవారు.

“బాగుంది.”

భానోజీ ప్రాణానికి అది పెద్ద హింస. తను నెలలకొద్దీ వెతికి తెచ్చిన అపురూపమైన జాజ్‌కీ బాగుందే. ఎవరో కాలేజీ కుర్రాడు ఫోన్లో వేసినదానికీ బాగుందే. ఒకసారి లోపల కుక్కర్ కూస్తే దానికీ తల ఊపినట్టు అనిపించింది.

ఒక ఆదివారం రెహానా అనే పళ్ళ డాక్టరు తన పాట పెట్టింది. రేడియోలో చాలాసార్లు వచ్చి అందరికీ తెలిసిన సోల్ పాట. మొదటి చరణం అవకుండానే భానోజీ ముందుకు జరిగాడు.

“డాక్టరుగారూ, ఏమీ అనుకోకండి. ఇది సోల్ కాదు. సోల్‌కి చక్కెర పాకం పట్టి అమ్మిన సరుకు. ఆ వయొలిన్లు చూడండి, అసలు అవసరమా?”

“మా అమ్మ చనిపోయిన ఏడాది, ఆసుపత్రికి వెళ్తూ వస్తూ కారులో నేను విన్న పాటండీ ఇది,” అంది రెహానా.

“అది సందర్భం. నేను చెప్పేది నాణ్యత.”

రోజంతా జనాన్ని నోరు తెరవమని చెప్పే ఆ డాక్టరమ్మకి, ఇతన్ని నోరు మూయమనడం మాత్రం చేతకాలేదు. పాట సగంలో ఆపేసి, సంచీ తీసుకుని, మాస్టారికి నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. మరి రాలేదు. తర్వాత కాలేజీ కుర్రాళ్ళు మానేశారు. నేవీలో పనిచేసే ఒకాయన బదిలీ అయిందని చెప్పి మానేశాడు గాని, చేపల బజార్లో కనిపిస్తూనే ఉన్నాడు.

చివరికి ఆ గదిలో ఇద్దరు శిష్యులు మిగిలారు. ఒకరు భానోజీ. రెండోవారు పట్నాయక్ గారు. ఈయన హార్బరులో ఓడలకు దారి చూపించి లోపలికి తెచ్చిన మనిషి, రిటైరయ్యాడు. పాట మొదలవగానే నిద్రపోయి బజ్జీల వాసనకి లేచేవాడు కాబట్టి, భానోజీ వల్ల ఆయనకు ఏ ఇబ్బందీ లేకపోయింది.

ఖాళీ కుర్చీలు చూసి భానోజీకి దిగులేసింది.

“మాస్టారూ, జనం ఎందుకు రావట్లేదంటారు?”

“వానలు కదా.”

“వానలు వెళ్ళి చాలా రోజులైందండీ.”

“అలాగా,” అన్నారు మాస్టారు, కిటికీలోంచి చూసి.

“ఈ ఊరికి చెవుల్లేవండీ, అదీ సంగతి.” భానోజీ జేబులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీశాడు. “ఇందులో నా ఇష్టాలన్నీ ఉన్నాయి. ముఖ్యంగా హౌస్. మీరు హౌస్ ఎప్పుడూ వేయరు. ఒక్కసారి విని, సోల్, జాజ్, హౌస్, ఈ మూడింట్లో ఏది గొప్పదో మీరు తేల్చి చెప్పాలి. నాకు నిద్ర పట్టడం లేదు.”

మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చొక్కా జేబులో వేసుకున్నారు. “చూద్దాంలే,” అన్నారు.

తర్వాతి ఆదివారం గాలి బాగా వీచింది. ఇసుక ఇంట్లోకి కొడుతోందని మాస్టారింటి తలుపులు మూసేశారు. భానోజీ, పట్నాయక్ గారు కలిసే వచ్చారు. తలుపు తట్టారు. లోపల ఎవరికీ వినిపించినట్టు లేదు. వినిపించకపోవడానికి కారణం కూడా ఉంది. లోపల సంగీతం మోగుతోంది.

గుడ్ గుడ్ గుడ్ గుడ్. ఎక్కడా ఆగకుండా, గోడలు అదిరేలా ఒక దరువు. ఆ దరువుల మధ్య సందుల్లో సన్నగా చిస్, చిస్, చిస్ అని లోహపు చప్పుడు.

భానోజీ తలుపు మళ్ళీ తట్టబోతున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

“హౌస్!” అన్నాడు గుసగుసగా. “పట్నాయక్ గారూ, మాస్టారు హౌస్ వేస్తున్నారు!”

“తలుపు గట్టిగా కొట్టండి, ఇసుక కళ్ళల్లో పడుతోంది.”

“ఒక్క నిమిషం.” భానోజీ చెవి తలుపుకి ఆనించాడు. మొహంలో రంగు మారింది. “ఇది నేనిచ్చినది కాదు. నా దగ్గర లేదిది. నేనెప్పుడూ వినలేదు. ఇంత మంచిది దాచుకుని, ఇన్నాళ్ళూ ఏమీ ఎరగనట్టు కూర్చున్నారండీ ఈయన!”

“నాకు మాత్రం విన్నట్టే ఉంది,” అన్నారు పట్నాయక్ గారు, కండువాతో మొహం కప్పుకుని. “మా ఇంట్లో.”

భానోజీ జాలిగా చూశాడు. “మీ ఇంట్లో వినడానికి అవకాశం లేదండీ. ఇది తొలినాళ్ళ చికాగో. చాలా తక్కువమందికి తెలిసిన బాపతు. ఈ రోజుల్లో ఇలా ఎవరూ చెయ్యరు. ఆ దరువులో చిన్న కుంటితనం ఉంది, గమనించారా? నాలుగోది కొంచెం ఎగిరి పడుతోంది. అది కావాలని చేసింది. అక్కడే ఉంది మేధ అంతా.”

అప్పుడు లోపల ఒక ఆడగొంతు అందుకుంది. మాటలు తెలియడం లేదు. ఒకటే చిన్న ముక్క, వచ్చినదే మళ్ళీ వస్తోంది. భానోజీ పట్నాయక్ గారి చెయ్యి పట్టేసుకున్నాడు.

“విన్నారా! ఒక్క ముక్కే! తిప్పి తిప్పి అదే! ఆ గొంతు చర్చిలో పెరిగిన గొంతండీ, నేను రాసిస్తాను!”

ఆ ఊపులో అతను తలుపుకి ఇంకాస్త ఆనుకున్నాడు. తలుపు గడియ వెయ్యలేదు. తెరుచుకుంది. భానోజీ ముందుగదిలోంచి వంటింటి గుమ్మం దాకా తూలుకుంటూ వెళ్ళి ఆగాడు.

వంటింటి మధ్యలో గ్రైండరు తిరుగుతోంది. దానికి ఒక కాలి రబ్బరు ఊడిపోయి, కుంటుతూ గెంతుతోంది. పైన బోర్లించిన స్టీలు పళ్ళెం గెంతు గెంతుకీ చిస్సుమంటోంది. పక్కన సువార్తమ్మగారు పీట మీద కూర్చుని, ఆ ఉదయం చర్చిలో పాడిన పాటలో తర్వాతి ముక్క గుర్తురాక మొదటి ముక్కనే మళ్ళీ మళ్ళీ కూనిరాగం తీస్తున్నారు. మాస్టారు గోడకి చేరబడి కళ్ళు మూసుకుని వింటున్నారు.

“ఏటి బాబూ, అలా వచ్చి పడ్డావు?” అన్నారు సువార్తమ్మగారు. “దీని రబ్బరు ఊడిపోయి ఎన్నాళ్ళో అయింది. చేయించమంటే మీ మాస్టారు వినరు.”

వెనకాలే వచ్చిన పట్నాయక్ గారు గ్రైండరును చూశారు. భానోజీని చూశారు.

“చికాగో నుంచి తెప్పించారా అమ్మగారూ?” అన్నారు.

భానోజీకి భూమి చీలితే బాగుండుననిపించింది. “అంటే, నా ఉద్దేశం, నిజానికి ఈ దరువులో కూడా...” అని మొదలుపెట్టాడు.

మాస్టారు కళ్ళు తెరిచారు. నవ్వలేదు. ఏమైందని పట్నాయక్ గారిని అడగనూ లేదు. ముందుగదిలోకి వెళ్ళి ఒక కుర్చీ మోసుకొచ్చి, సరిగ్గా గ్రైండరు ఎదురుగా వేశారు.

“కూర్చో.”

“మాస్టారూ, నేను వెళ్ళొస్తానండీ.”

“పిండి అయ్యేదాకా విను. మాట్లాడకు.”

గురువు చెప్పాక కూర్చోక తప్పలేదు. పట్నాయక్ గారు పక్కనే ఇంకో పీట మీద చతికిలబడ్డారు, ఈసారి నిద్ర రాకుండా.

మొదట భానోజీ తల వంచుకునే కూర్చున్నాడు. ఇక్కణ్ణించి లేచి వెళ్ళాక మళ్ళీ పాటన్నది వినకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని సముద్రంలో పారేద్దామనుకున్నాడు. తర్వాత అలవాటు చొప్పున ఏదైనా చెప్పాలనిపించింది. గ్రైండరు గురించి చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఏ ఊరిదో, ఏ ఏటిదో, వాయించింది ఎవరో, దానికన్నా మంచిది ఏదో. ఏదీ లేదు. నోట్లోకి వచ్చిన మాట దేన్నీ పట్టుకోలేక తిరిగి లోపలికే పోయింది.

గ్రైండరు తిరుగుతూనే ఉంది. సువార్తమ్మగారు గ్లాసుతో నీళ్ళు పోస్తే దరువు ఒకసారి మెత్తబడి, మళ్ళీ పుంజుకుంది. పప్పు నలిగేకొద్దీ గరగర తగ్గి, అడుగున ఒక హోరు మొదలైంది. ఆ హోరు మీద ముసలి గొంతు తేలుతోంది.

ఎందుకో భానోజీకి కాలేజీ రోజులు గుర్తొచ్చాయి. ఒక సాయంత్రం జగదాంబ సెంటర్ దగ్గర ఏదో షాపులోంచి ఒక ఆడగొంతు ‘వెళ్ళకు’ అని బతిమాలుతూ వినిపించింది. అది సోల్ అంటారని అతనికి తెలియదు. భాష కూడా సరిగా అర్థం కాలేదు. ఎక్కాల్సిన బస్సు ఎదురుగా వచ్చి ఆగి, వెళ్ళిపోయింది. ఆ రోజు ఎవరికీ ఏమీ చెప్పాలని అనిపించలేదు.

“అయిపోయింది,” అంటూ సువార్తమ్మగారు గ్రైండరు కట్టేశారు.

ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక చిన్న చప్పుడు మాత్రం మిగిలింది. టప్, టప్, టప్. అందరూ కిందికి చూశారు. భానోజీ కుడికాలు నేలమీద దరువు వేస్తోంది. గ్రైండరు ఆగిన సంగతి దానికింకా తెలియదు.

మాస్టారు ఆ కాలి వంక చూసి, తృప్తిగా తల పంకించారు.

“నోరు చెప్పిందంతా తప్పురా, భానోజీ,” అన్నారు. “కాలు మాత్రం ఎక్కడా తప్పలేదు.”

“గొంతు చర్చిదని చెప్పాడండీ. అది ఒప్పే,” అన్నారు పట్నాయక్ గారు న్యాయంగా. “ఇంతకీ ఆ పిండి గారెలకా?”

ఆ వేళ భానోజీ గారెలు వేడిగా ఉండగానే తిన్నాడు. మూడింట్లో ఏది గొప్పదని అడగలేదు. పెన్‌డ్రైవ్ సంగతి కూడా ఎత్తలేదు.

మర్నాడు ఆఫీసులో గంటసేపు ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగి, చివరికి రెహానాకి చేశాడు.

“డాక్టరుగారూ, నేను భానోజీనండీ.”

“పన్ను నొప్పా?”

“కాదండీ. నోటి జబ్బే గాని, పన్ను కాదు. ఆ రోజు మీ పాట గురించి నేనన్న మాటకి సిగ్గుపడుతున్నాను. మీరు ఆదివారం రావాలి. ఏదైనా ఒకటి పట్టుకురండి.”

“మీరూ ఉంటారా?”

“ఉంటానండీ.”

“చూస్తాను,” అని పెట్టేసింది.

రాదనుకున్నాడు. వచ్చింది. సంచీ ఒళ్ళోనే పెట్టుకుని, గుమ్మానికి దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చుంది. ఆమె తెచ్చింది ఈసారి వేరే పాట. పియానో ఒక్కటే పక్కన ఉండగా, ఒక ముసలాయన తాపీగా, కథ చెప్తున్నట్టు పాడే జాజ్ పాట.

మొదటి మెట్టు మోగగానే భానోజీ దాన్ని గుర్తుపట్టాడు. ఆ పాట గురించి అతనికి అంతా తెలుసు. ఏ ఏడు పాడారో తెలుసు. ఆ రోజు స్టూడియోలో ఎవరు ఎవరి మీద అలిగి వెళ్ళిపోతే పియానో ఒక్కటే మిగిలిందో తెలుసు. అదే ముసలాయన పదేళ్ళ ముందు ఇదే పాటను ఇంతకన్నా ఎంత బాగా పాడాడో కూడా తెలుసు. అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ నాలిక చివరికి వచ్చి నిలబడ్డాయి. భానోజీ రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. పాట సగానికి వచ్చేసరికి చేతులు వదులయ్యాయి.

పాట అయిపోయింది.

మాస్టారు ఈసారి ‘బాగుంది’ అనకుండా ఆగారు. పట్నాయక్ గారు మెలకువగానే ఉన్నారు. అందరూ భానోజీ వంక చూశారు. అతను గొంతు సవరించుకున్నాడు. రెహానా చెయ్యి సంచీ పట్టీ మీదికి పోయింది.

“డాక్టరుగారూ,” అన్నాడు భానోజీ, “ఇంకొక్కసారి వేస్తారా?”