గోడ చాచిన రాళ్ళు

కొండ కడుపున యుగాలు నిద్రించి, మనిషి తలపై నీడగా మేల్కొన్న శిలామాతకు నమస్సులు. ఇది ఒక రాతి ఇంటి కథ. ఆ ఇంటి తూర్పు గోడ కథ.

ఇంటికి ఐదు వందల యేళ్ళు. సున్నమెరుగని నల్లరాతి గోడలు. రాయి రాయిని కరచి నిలిచినవి. తూర్పు గోడ రెండు కొసలా మాత్రం, వరుస విడిచి వరుసకు ఒక రాయి జానెడు బయటికి పొడుచుకొని ఉండేది. "మీ ఇల్లు పళ్ళికిలిస్తోందయ్యా!" అని దారినపోయేవారు నవ్వేవారు. కట్టినవాడు పని ముగించక పోయాడని గృహస్థు సిగ్గుపడేవాడు.

ఆ యేటి వానకు తూర్పు పక్కనున్న మట్టి ఇల్లు కూలింది. అందులోని నేతగత్తె తడిసిన మగ్గాన్ని చెట్టుకింద నిలిపి గృహస్థు దగ్గరికి వచ్చింది.

"మూడు గోడలకే రాయి ఉంది, అన్నా. నాలుగోది నీ గోడే అనుకోనీ. మరో వాన పడితే నాకు మగ్గం దక్కదు."

"ఇవాళ గోడంటావు, రేపు ఇల్లంటావు" అన్నాడతడు. వెంటనే ఆ పొడుచుకొచ్చిన రాళ్ళు కొట్టేయించడానికి ముసలి రాతిపనివాణ్ణి పిలిపించాడు.

ముసలివాడు రాళ్ళను నిమిరాడు. "ఇది తప్పు కాదు దొరా. రాబోయే గోడ పట్టుకోవడానికి మావాళ్ళు విడిచే రాళ్ళివి. కొట్టేస్తే ఇక ఏ గోడా దీన్ని అంటుకోదు."

"అందుకే కొట్టమంటున్నాను."

"అయితే ఎండ వాలనీయండి. కాగిన రాయి మాట వినదు."

గృహస్థు అరుగుపై ఒరిగాడు. కునుకులో గోడలు పొగమంచులా పలచబడ్డాయి. గది వెంట గది దాటి పడమటి కొసకు చేరాడు. గోడకు ఆవల, ఇల్లులేని గడ్డినేలపై, ఎవరో స్త్రీ దీపం పట్టుకొని నిలిచి ఉంది.

"లోపల వెచ్చగా ఉందా, నాయనా?" అని అడిగింది.

ఉలిక్కిపడి లేచాడు. పడమటి గదికి పరుగెత్తి, ధాన్యపు గాదెను జరిపి, మూల పట్టిన మసి గీకాడు. తన నల్లరాళ్ళ నడుమ, వరుస విడిచి వరుసకు ఒక ఎర్రరాయి, ఏనాటిదో పక్కింటి గోడ చాచి విడిచినది. ఎర్రరాళ్ళ ఇల్లు ఆ ఊళ్ళో ఎవరూ ఎరుగరు.

అతడు బయటికి వచ్చేసరికి ముసలివాడు ఉలి ఎత్తి ఉన్నాడు. "ఎక్కడ మొదలుపెట్టను, దొరా?"

"ఇక్కడే" అన్నాడు గృహస్థు, ఆ రాళ్ళపై చేయి వేసి. "నేతగత్తె గోడ."

మరుసటి వానకు ముందే లోపల మగ్గం ఆడింది. కొత్త ఇంటి తూర్పు గోడ కొసన ముసలివాడు ఆగాడు. "దీన్ని నున్నగా చెక్కనా, తల్లీ?"

నేతగత్తె నవ్వింది. "నా ఇంటినీ కాస్త పళ్ళికిలించనీ, తాతా."

విన్నవారి గోడలు ఏ వానకూ చలింపకుండుగాక. ఆ గోడల కొసలు ఎన్నడూ నున్నబడకుండుగాక.