సుగుణ పెళ్ళికి ఐరేని కుండలు

అనగనగా ఒక ఊళ్ళో, ఊరు మొత్తానికీ ఒకటే కుమ్మరి ఇల్లు ఉండేదట. ఆ ఇంట్లో కుండలు చేసే ఓదెలు, అతని భార్య లచ్చవ్వ, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు సుగుణ ఉండేవాళ్ళు.

ఆ ఊళ్ళో ఎవరి పెళ్ళయినా సరే, ముందురోజు ఆడవాళ్ళంతా డప్పులతో ఓదెలు ఇంటికి వచ్చేవాళ్ళు. సున్నంతో, ఎర్రమట్టి జాజుతో బొమ్మలు వేసిన ఐరేని కుండల్ని నెత్తిన పెట్టుకుని, పాటలు పాడుకుంటూ పెళ్ళింటికి తీసుకుపోయేవాళ్ళు. ఆ కుండలు వస్తేనే పెళ్ళి మొదలైనట్టు. సుగుణ చిన్నప్పటినుంచీ వాకిట్లో నిలబడి అందరి కుండల్నీ సాగనంపేది. మనింటికి ఎప్పుడొస్తాయని తల్లిని అడిగేది. నీ పెళ్ళికి వస్తాయిలే అనేది లచ్చవ్వ.

అట్లా అట్లా సుగుణకు పెళ్ళి కుదిరింది. అప్పుడు ఓదెలు కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. పందిరి వేయించాడు, వంటవాళ్ళకు చెప్పాడు, మగపెళ్ళివారికి విడిది చూశాడు. ఇక అన్నీ అయిపోయాయని కూర్చున్నాడు. పెళ్ళి ఇంకా మూడు రోజులుందనగా సుగుణ వచ్చి, "నాయినా, మనకు కుండలు ఏ ఇంటికెల్లి వస్తయి?" అని అడిగింది.

ఓదెలు దిగ్గున లేచాడు. కుండలకేం, వాకిలి నిండా ఉన్నాయి. కానీ ఇంకో గడప దాటి, మేళంతో వస్తేనే అవి ఐరేని కుండలు. తన వాకిట్లోంచి తన పందిట్లోకి నాలుగడుగులు మోస్తే ఎవరైనా ఊరేగింపంటారా? ఊరందరికీ కుండలిచ్చినవాడు సొంత కూతురి పెళ్ళికి ఆ సంగతే మరిచిపోయాడు. నువ్వు నవ్వకు బంగారూ. సంచంతా సర్దుకుని పలక ఇంట్లో వదిలేసి బడికి పోయేదెవరో నాకు తెలుసు.

అప్పుడు ఓదెలు పరుగున పక్క ఊరి కుమ్మరి దగ్గరికి పోయాడు. పాపం, వాళ్ళింట్లో ముసలాయన పోయి వారం కూడా కాలేదు. మైల ఇంటినుంచి పెళ్ళికుండలు రాకూడదు కదా.

ఆ తర్వాత, తన కుండల్నే అక్కడ ఉంచి మేళంతో తెచ్చుకుందామని ఊళ్ళోని పెద్ద మేడ ఇంటికి పోయాడు. కుమ్మరి పిల్ల పెళ్ళికి మా ఇంటినుంచి కుండలేమిటని ఆ ఇల్లాలు మొహం తిప్పుకుంది. ఆమె ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిళ్ళకూ కుండలు ఎవరిచ్చారట? నాకైతే ఆ మనిషి మీద ఇప్పటికీ కోపమే.

ఆ తర్వాత కాళ్ళీడ్చుకుంటూ ఈరవ్వ గుడిసెకు పోయాడు. ఈరవ్వ పేలాలు వేయించి అమ్ముకునే ముసలమ్మ. ఆమెకు పిల్లాజెల్లా లేరు. ఎవరి పెళ్ళి డప్పయినా ఆ గుడిసె ముందునుంచి దాటిపోవడమే గానీ, ఆగింది ఎన్నడూ లేదు.

ఆమె అంతా విని, "నాది గుడిసె ఓదెలూ. నా ఇంటికెల్లి పోతే బిడ్డకు మంచిగుంటదా?" అంది.

"నా బిడ్డకు నువ్వు పరాయిదానివా అవ్వా?" అన్నాడు ఓదెలు.

ఈరవ్వ లేచి చీపురు అందుకుంది.

ఆ సాయంత్రమే ఓదెలు కుండలన్నీ మోసుకొచ్చి గుడిసెలో పెట్టాడు. ఈరవ్వ గుడిసె అలికింది, ముగ్గులేసింది, కుండలకు సున్నం, జాజు తానే పూసింది. ముసలి చేతులు కదా, గీతలన్నీ వంకర పోయాయి. ఓదెలు దిద్దబోయి, ఊరుకున్నాడు.

పెళ్ళికి ముందురోజు డప్పులు వచ్చి ఈరవ్వ గడప ముందు ఆగాయి. కుండలిచ్చే ఇంటికి మర్యాదగా ఆడవాళ్ళు చీర, బియ్యం, బెల్లం ఆమె చేతిలో పెట్టబోయారు.

"ఇవన్ని నాకెందుకు బిడ్డా. జరంత సేపు డప్పు ఈడనే కొట్టమనుండ్రి," అంది ఈరవ్వ.

అవతల సుగుణ ఒంటినిండా పసుపుతో ఎదురుచూస్తోంది. పొద్దుపోతోందని, ఆడవాళ్ళతో వచ్చిన లచ్చవ్వ తొందరపడింది. ఓదెలు ఆమెను ఆపి, డప్పులవాళ్ళను ఇంకో దరువు వెయ్యమన్నాడు. ఆ తర్వాత ఇంకోటి. ఈరవ్వ గుంజ పట్టుకుని, కూతుర్ని అత్తారింటికి పంపే తల్లిలాగా కడుపారా ఏడ్చింది.

అప్పుడు కళ్ళు తుడుచుకుని, మొదటి కుండ ఎత్తి లచ్చవ్వ నెత్తిన పెట్టింది. "మా ఇంటి కుండలు. పైలంగ తీస్కపోండ్రి," అంది.

వాటిని చేసిన ఓదెలు చేతులు జోడించి, "అవునవ్వా, మీ ఇంటియే," అన్నాడు.

కథేమో కంచికి,
కుండలేమో పెళ్ళింటికి,
నిద్రేమో నా బంగారు కంటికి.