లుజెనాలో కొలవని చౌక్

మిల్వా నది ఒడ్డున ఉన్న లుజెనా నగరానికి వచ్చే యాత్రికులు రైలు దిగి నేరుగా చేరుకునే స్థలం కొలవని చౌక్. చుట్టూ ఎర్ర పెంకుల మేడలు, ఒక పక్క గంటస్తంభం, నడుమ నల్లబడిన రాతి పొయ్యి ఉంటాయి. చౌక్ మాత్రం చదరంగా ఉండదు. ఒక మూల లోపలికి నొక్కుకుపోయి, మరో మూల బజారులోకి సాగి ఉంటుంది. కట్టినవాడికి చూపు ఆనలేదా అని నవ్వేవారికి ఈ కథ చెప్పక తప్పదు.

పూర్వం ఇక్కడ పేదల సంత జరిగేది. లుద్మిలా అనే వితంతువు క్యాబేజీ పులుసు కాచి అమ్ముకుంటూ పిల్లలను పోషించేది. కోటలోని దొర కన్ను ఈ నేలపై పడింది. చుట్టూ గోడ కట్టించి గుర్రపుశాల చేసుకుంటానని చాటింపు వేయించాడు. సంతవారు తట్టాబుట్టా సర్దుకున్నారు. ఆ తెల్లవారుజామున లుద్మిలాకు చనిపోయిన అత్తగారు కలలో కనిపించింది. పొయ్యి వెలుగుతున్న చోట గోడ లేపరాదన్నది ఈ ఊరి పాత కట్టుబాటనీ, నిప్పు ఆరనివ్వవద్దనీ ఆజ్ఞాపించింది. బతికుండగా కోడలి వంటను ఒక్కనాడూ మెచ్చని మనిషి. అయినా లుద్మిలా ఆ మాట శిరసావహించింది.

ఆమె సంత నడుమ పొయ్యి వెలిగించింది. దొర భటులు కట్టెలు రానివ్వకుండా అడవి దారి మూసేశారు. సంతవారు పీటలు, తలుపు చెక్కలు, చివరకు ఊయల తొట్టి కూడా తెచ్చి ఇచ్చారు. మంచు కురిసినా లుద్మిలా కదలలేదు. వేయడానికి ఇక ఏమీ మిగలని మధ్యాహ్నం, దొర పంపగా తాపీమేస్త్రీ ఓండ్రెయ్ వచ్చాడు. నిప్పు ఆరగానే కొలతలు తీసి పునాది గీత గీయాలని అతనికి ఉత్తర్వు. తండ్రి నుంచి వచ్చిన కొలబద్ద పట్టుకుని పొయ్యి పక్కనే నిలబడ్డాడు. లుద్మిలా అతణ్ణి తిట్టలేదు. పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా అని అడిగి, అడుగున మిగిలిన పులుసు గిన్నెలో పోసి ఇచ్చింది.

అతడు తాగి, గిన్నె కడిగి పెట్టాడు.

"ఇది లేకపోతే నేను గీత గీయలేనమ్మా," అన్నాడు కొలబద్ద చూపిస్తూ.

"తెలుసు నాయనా. అయినా నిన్ను అడగను."

ఓండ్రెయ్ కొలబద్దను మోకాలికేసి విరిచి పొయ్యిలో పెట్టాడు. అది చూసి గోడ కట్టడానికి వచ్చిన కూలీలు తమ పరంజా కర్రలు తెచ్చి వేశారు. దొరకు కొలిచేవాడూ, కట్టేవాడూ కరువయ్యారు. గుర్రాలు పాత కొట్టంలోనే ఉండిపోయాయి. పని పోగొట్టుకున్న ఓండ్రెయ్ బతికినంతకాలం ఈ పొయ్యికే కట్టెలు కొట్టాడు. దానికి అతడు బాధపడినట్టు ఎవరూ చెప్పరు.

నేటికీ తొలిమంచు కురిసిన ఉదయం నగరంలోని పెద్ద మేస్త్రీ కొత్త కొలబద్ద ఒకటి విరిచి ఈ పొయ్యిలో వేస్తాడు. యాత్రికులు తలో పుల్ల వేసి పులుసు స్వీకరిస్తారు. అందులో ఉప్పు తక్కువైందని ఎవరూ అనరాదు, ఆ హక్కు అత్తగారిది. నిష్ఠగా పుల్ల వేసినవారి నిలువనీడను ఎంతటివారూ లాక్కోలేరని ఇక్కడివారి గట్టి నమ్మకం. చౌక్ వైశాల్యం ఎంతని అడిగితే, వడ్డించే ఆడవారు పొద్దుటి నుంచి ఏమైనా తిన్నారా అని అడిగి, గిన్నె చేతికిస్తారు.