ఉత్త చేతుల వేట

ఎండలు ముదిరినా అంకన్నకు ఒక్క దుప్పి దొరకలేదు.

నల్లమలలో వేటకు ఇంకా అడ్డూ ఆపూ లేని రోజులవి. అడవి నడుమ గుప్పెడు గుడిసెలుండే చెంచుల ఊరిని పెంట అంటారు. అంకన్నది అలాంటి ఒక పెంట. వేసవి వచ్చిందంటే వాగులు ఎండిపోయి, లోయ అడుగున ఒకటో రెండో మడుగులు మిగులుతాయి. దుప్పులు దాహానికి అక్కడికే రావాలి. మగవాళ్ళు విల్లు పట్టుకుని ఆ మడుగుల దగ్గర పొంచి కూర్చునేవాళ్ళు. తొలి వాన పడిందా, ఇక ఎక్కడ చూసినా నీళ్ళే. దుప్పులు చెదిరిపోతాయి. ఆ ఏటికి వేట ముగిసినట్టే.

వేటగాడిగా అంకన్నకు అది మొదటి వేసవి. తండ్రి పెద్దులు ఒకప్పుడు పేరున్న వేటగాడు. కిందటేడు తేనెకు పోయి ఎలుగుబంటికి చిక్కాడు. ప్రాణం దక్కింది గాని ఒక కాలు చచ్చుబడింది. అంకన్న భార్య నాగులమ్మ పచ్చి బాలింత. ఇంట్లో విల్లు పట్టగలవాడు అతనొక్కడే.

ఆకలి అంటూ ఏమీ లేదు. ఎవరు కొట్టినా పెంటలో మాంసం అందరికీ పంచుతారు. కాని ప్రతిసారీ ఇంకొకరి వేట తన ఆకులో పడుతుంటే అంకన్నకు ముద్ద దిగేది కాదు.

అతనికి విల్లు నేర్పింది మేనమామ ఈదన్న. జుట్టంతా నెరిసినా చుట్టుపక్కల పెంటల్లో వేట అంటే ఆయన పేరే చెప్పేవాళ్ళు. మాట మాత్రం చాలా పొదుపు. ఏదైనా అడిగితే చాలాసార్లు లేచి నడిచేవాడు. వెంట పోయినవాడికి జవాబు దొరికేది, పోనివాడికి లేదు.

ఒకరోజు పొద్దున్నే అంకన్న ఆయన గుడిసె ముందు నిలబడ్డాడు.

"గాలికి ఊగే తునికి పండును కొడతాను మామా. నా గురి నువ్వే చూసినావు. మరి అడవి నాకెందుకు ఇయ్యడం లేదు?"

ఈదన్న విల్లు తీసుకుని లోయ వైపు నడిచాడు.

మడుగుకు ఎగువన ఒక బండ ఉంది. దాని పక్కన పొదలో ఇద్దరూ కూర్చున్నారు. గాలి నీళ్ళ మీదినుంచి వాళ్ళ వైపు వీస్తోంది. కాసేపటికి అంకన్న కాలు తిమ్మిరెక్కింది. మార్చి కూర్చున్నాడు. చెవి దగ్గర జోరీగ ముసిరింది. తోలాడు. అవతలి గట్టున ఆకులు కదిలినట్టయితే మెడ చాచి చూశాడు. చెట్టు మీది కొండముచ్చు ఒకటి ఖక్కుమని అరిచింది. అంతే, మధ్యాహ్నం దాకా మడుగుకు పిట్ట కూడా రాలేదు.

అంకన్న విసుగ్గా లేచాడు. ఈదన్న లేవలేదు.

"దీన్ని తీయి," అన్నాడు.

దేన్నో అంకన్నకు తెలియలేదు. వంగి చూశాడు. ఈదన్న మోకాలికీ విల్లుకూ నడుమ సాలీడు ఒక దారం కట్టింది. ఇంకో దారం అల్లుతూ మధ్యలో వేలాడుతోంది. అంకన్న కూర్చున్న చోట ఆకులన్నీ చెదిరి మట్టి తేలింది. ఈదన్న పాదాల కింద ఆకులు రాలినవి రాలినట్టే ఉన్నాయి.

అంకన్న ఆ దారాన్ని వేలి కొసతో తీసి, సాలీడును పక్క కొమ్మ మీద వదిలాడు.

మరునాటి నుంచి అతను కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాడు. చీమలు కుట్టినా ఓర్చుకున్నాడు. దగ్గు వస్తే మింగాడు. మొదట్లో ఒళ్ళంతా మంట పెట్టినట్టుండేది. పోను పోను తగ్గింది. ఒకనాడు ఉడత ఒకటి అతని పాదం మీదుగా పోయింది. ఆ సంగతి నాగులమ్మకు ఎంతో గొప్పగా చెప్పుకున్నాడు. ఆమె బిడ్డకు పాలిస్తూ నవ్వి, ఉడత కూరకు సరిపోదు గదా అంది.

తర్వాత కొన్నాళ్ళకు, మామ పక్కన ఉండగానే, దుప్పి వచ్చింది.

పెద్ద కొమ్ముల పోతు. ఒంటరిగా వచ్చి, నీళ్ళకు దూరంగా నిలబడి, మూతి ఎత్తి గాలిలో వాసన పట్టింది. ఇంకా మడుగు దాకా రాలేదు. పక్క కూడా ఇటు తిరగలేదు. ఈదన్న చెయ్యి మెల్లగా అంకన్న మోచేతి మీద పడింది. ఆ చెయ్యి ఆగమంటోందని అంకన్నకు తెలుసు. తెలిసీ, అది వెనక్కి తిరిగి పోతుందేమోనన్న భయం చెయ్యిని మించిపోయింది. నారి వదిలాడు.

బాణం తొడలో దిగింది. పోతు ఎగిరి పొదల్లోకి దూరింది.

అంకన్న పరుగు తీయబోతే ఈదన్న మొలతాడు పట్టుకుని ఆపాడు. తర్వాత తాపీగా బండకు ఆనుకుని కూర్చుని, రొండిన ఉన్న పొగాకు తీసి చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు. అంకన్నకు పిచ్చెత్తినట్టయింది. అక్కడ రక్తం కారుతోంది, దుప్పి పారిపోతోంది, ఈయన చుట్ట చుడుతున్నాడు. ఆ చుట్ట అంటుకోకముందే అతను మొలతాడు విడిపించుకుని పొదల్లోకి దూకాడు.

పొద్దు గూకేదాకా పరుగెత్తాడు. రక్తం చుక్కలు మొదట దగ్గర దగ్గరగా, తర్వాత ఎడంగా, చివరికి ఎండుటాకుల మీద ఎర్రటి మరకకూ ఎర్రటి ఆకుకూ తేడా తెలియకుండా పోయాయి.

తెల్లారాక ఈదన్న వచ్చి అతన్ని వెంటబెట్టుకుని మళ్ళీ మొదటినుంచీ జాడ పట్టాడు. మడుగుకు ఎంతో దూరం పోలేదు, ఒక మోదుగు పొద కింద ఆగి, కాలి బొటనవేలితో నేల చూపించాడు. గడ్డి నలిగి ఉంది. దుప్పి పడుకున్న చోటు. నడుమ రక్తం గడ్డకట్టింది. ఆ పక్కనే గిట్టలు నేలను చీరుకుంటూ లేచిన గుర్తు, దాని మీద అంకన్న పరుగెత్తిన అడుగులు.

అంకన్న ఆ గుర్తులను చూస్తూ ఉండిపోయాడు. వెంట పడకుండా ఉంటే అది అక్కడే ఉండేది.

జాడ కొండ దాటింది. ఇంకో లోయలోకి దిగింది. ఎండ నడినెత్తికి వచ్చాక రాబందులు కనిపించాయి. రేచుకుక్కలు వీళ్ళకంటే ముందే వచ్చి వెళ్ళిపోయాయి. మిగిలినవి కొమ్ములు, ఎముకలు, విరిగిన బాణం.

ఈదన్న బాణం ముక్కను తీసి మేనల్లుడి చేతిలో పెట్టాడు.

"ఇది నీ ఆకలికి చావలేదు. నీ తొందరకు చచ్చింది."

ఆ ఏడాది ఆయన అతన్ని మందలించింది అదొక్కసారే.

ఆ రోజునుంచి అంకన్న విల్లు ముట్టలేదు. కింద మైదానం నుంచి వెదురు నరికించే కూపు గుత్తేదారు మనిషి ఒకడు పెంటకు వచ్చి, కూలికి మనుషులు కావాలని చెప్పి పోయాడు. వానలు పడగానే లారీ వస్తుందట. కొండ దిగి కూపు గుడారాల్లోనే ఉండాలి. ఏడాదికి ఒకసారి ఇంటికి రావచ్చు. అంకన్న వస్తానన్నాడు.

తండ్రి కాలు సవరించుకుని గోడ వైపు తిరిగాడు. నాగులమ్మ మాత్రం ఊరుకోలేదు.

"నీ కోపం అడవి మీదనా, నీ మీదనా?" అని అడిగింది.

అంకన్న లేచి బయటికి నడిచాడు. మేనమామకు చెప్పి పోవాలి కదా అని ఈదన్న దగ్గరికి వెళ్ళాడు. తనకు వేట రాదని, చేతులకు నేర్పినా లోపలున్నదానికి నేర్పలేమని, ఆ దుప్పి ఇంకా కళ్ళల్లోనే తిరుగుతోందని చెప్పాడు.

ఈదన్న ఎండిన వెదురును చీలుస్తూ అంతా విన్నాడు. వద్దనలేదు.

"పో. పోయేముందు రేపొక్కసారి మడుగు దగ్గర కూర్చో."

"నువ్వు వస్తావా మామా?"

"నేను రాను."

మర్నాడు మధ్యాహ్నానికే పడమట మబ్బు పట్టింది. గాలి ఆగిపోయింది. అంకన్న విల్లుతో బండ పక్కన ఒంటరిగా కూర్చున్నాడు. ఈసారి గెలవాలని కూర్చోలేదు. పోయేవాడు ఇల్లంతా ఒకసారి కలియజూసుకున్నట్టు మడుగును చూస్తూ కూర్చున్నాడు. నీళ్ళ మీద తూనీగలు ఎగురుతున్నాయి. ఒక నెమలి వచ్చి తాగి పోయింది.

మబ్బుల్లోంచి పొద్దు వాలుగా పడే వేళకు మంద దిగింది.

ముందు ఒక ముసలి ఆడది. దాని వెనక పిల్లలతో మరికొన్ని. అన్నిటికన్నా వెనక ఒక పోతు. అంకన్న ఎక్కుపెట్టాడు. పోతు నీళ్ళ దాకా వచ్చింది. సరిగ్గా అతనికి ఎదురుగా నిలబడింది, రొమ్ము ఇటు, తల కిందికి. ఎదురుగా కొడితే ఎముకకు తగులుతుంది. పక్క తిరగాలి.

అతను ఆగాడు.

పోతు తాగింది. తలెత్తింది. దాని మూతినుంచి నీటి బొట్లు రాలడం కనిపిస్తోంది. ముక్కు పుటాలు కదలడం కనిపిస్తోంది. అది పక్కకు తిరిగింది. తిరిగిన క్షణానికే ఆడదుప్పి ఒకటి అడ్డం వచ్చి నిలబడింది. ఆ ఆడది కదిలేసరికి పోతు మళ్ళీ ఎదురైంది. అంకన్న చప్పుడు కాకుండా నారి సడలించి, మళ్ళీ లాగాడు. ఆఖరి రోజు ఇది అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. ఇంట్లో తండ్రి ఉన్నాడు, బాలింత ఉంది, పెంటంతా చూస్తోంది. కొట్టు, తగిలితే తగులుతుంది.

తొడలో బాణంతో ఎగిరిన ఆ పోతు గుర్తొచ్చింది. ఆగాడు.

ఒక దుప్పిపిల్ల గట్టెక్కి అతని ముందుకే వచ్చింది. చెయ్యి చాస్తే వీపు అందేటంత దగ్గరికి. అతని పాదం పక్కనున్న చిగురు కొరికింది. దాని ఊపిరి వెచ్చగా కాలికి తగిలింది. దానికి అతనొక బండ, ఒక మొద్దు. అంకన్నకు ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోతు కావాలన్న ఆశ ఏమీ తగ్గలేదు. ఒళ్ళంతా అదే ఆశ. అయినా చేతులు వాటి పాటికి అవి నిలిచి ఉన్నాయి.

పోతు ఇక పక్క తిరగలేదు. వెలుతురు సన్నగిల్లింది. దూరాన ఉరిమింది. నీటి మీద ఒక చినుకు, తర్వాత నాలుగు, తర్వాత మడుగంతా. మంద తలలెత్తి, కంగారు లేకుండా, వచ్చిన దారినే ఎక్కిపోయింది.

వేట కాలం అయిపోయింది.

అంకన్న నారి దించి, తడిసిపోతూ పెంటకు నడిచాడు.

ఆ సాయంత్రం ఈదన్న ఒక ఉడుమును పట్టుకొచ్చాడు. ఆయన గుడిసె చూరు కింద అందరూ చేరారు. పెద్దులును కూడా మోసుకొచ్చి కూర్చోబెట్టారు. కాల్చిన మాంసాన్ని ఈదన్నే పంచుతున్నాడు. తలా ఒక పాలు, అందరికీ సమానమే. కాలేజం, అదే కాలేయం, మాత్రం వేటగాడిది. ఆ పెంటలో అది మొదటినుంచీ ఉన్న మర్యాద.

అంకన్న నీళ్ళోడుతూ వచ్చి ఒక మూల కూర్చున్నాడు. చేతులు చూడగానే అందరికీ అర్థమైంది.

ఈదన్న ఒక్కడు అడిగాడు.

"వచ్చినాయా?"

"వచ్చినాయి మామా."

"పోతు?"

"వచ్చింది. ఎదురుగానే నిలబడింది. పక్క తిరగలేదు."

"ఎంతసేపు?"

"వాన పడిందాకా."

ఈదన్న ఉడుము కాలేజాన్ని తునికాకులో పెట్టి, చూరు కింది నుంచి వంగి వెళ్ళి, అంకన్న ముందు ఉంచాడు.

బయ్యన్న అనే నడివయసు వేటగాడికి అది నచ్చలేదు. ఆ వేసవిలో పెంటకు ఎక్కువ వేట తెచ్చింది అతనే.

"అదేంది ఈదన్నా, వాడు ఏం తెచ్చినాడని?"

"బాణం ఉండీ ఉత్త చేతులతో వచ్చినాడు," అన్నాడు ఈదన్న. వెళ్ళి తన చోట కూర్చుని తన పాలు తినసాగాడు.

పెద్దులు కొడుకు వైపు చూశాడు. ఎలుగుబంటి దెబ్బ తర్వాత ఆ మొహంలో నవ్వు అంతగా కనిపించేది కాదు. ఇప్పుడు కనిపించింది. బయ్యన్న నిప్పు దగ్గర జరిగి అంకన్నకు పక్కన చోటిచ్చాడు.

అంకన్న ఆ కాలేజాన్ని సగం తుంచి నాగులమ్మకు పంపాడు. మిగతాది తిన్నాడు. ముద్ద దిగింది.

తెల్లవారాక కొండ కింద కూపు లారీ హారన్ వినిపించింది. ఒకసారి, ఆగి మరొకసారి. నాగులమ్మ బిడ్డను భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది, మొగుడు మూట కడతాడేమోనని. అంకన్న లేచి మొహం కడుక్కున్నాడు. మూట జోలికి పోలేదు. సన్నగా పడుతున్న వానలో ఈదన్న గుడిసె వైపు నడిచాడు.

ఆయన చూరు కింద కూర్చుని వాన చూస్తున్నాడు.

"మామా, ఈ వానాకాలమంతా దుప్పులు యాడ తాగుతాయి? యాడ పడుకుంటాయి?"

ఈదన్న తల తిప్పి అతన్ని ఎగాదిగా చూశాడు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాడు.

"నాకూ ఇంకా సరిగా తెలీదు. పద, చూసొద్దాం."

విల్లు తీసుకోకుండానే ఇద్దరూ వానలోకి దిగారు.